ఉప్పునేలపై మహావేగము: సర్ మాల్కం కాంబెల్ జీవితము

పూర్వకాలమున తెలంగాణపు పల్లెలకు ఉప్పు సముద్రతీరమునుండి లంబాడీల పెరికెద్దుల వీపులపై వచ్చుచుండెను. ఆ ఎద్దుల బారు గంటకు రెండు మైళ్లు సాగినచో అదియే మంచి నడక. అంత శ్రమపడి వచ్చిన ఉప్పును ఇల్లాండ్రు కుండలలో పోసి భద్రపరచుకొనుచుండిరి. అట్టి ఉప్పే నేలయై మైళ్లకొలది పరచుకొనియున్న ప్రదేశమొకటి అమెరికా దేశమున కలదు. భూమిమీద చక్రములపై గంటకు 300 మైళ్ల వేగమును మానవుడు మొట్టమొదట దాటినది ఆ ఉప్పునేలమీదనే. దాటినవాడు ఆంగ్లేయుడగు సర్ మాల్కం కాంబెల్. అది 1935వ సంవత్సరపు మాట.

300 మైళ్లనగా దాదాపు 483 కిలోమీటర్లు. ఈ వేగమెట్టిదో ఊహించుకొనుటకు పాల్మాకుల ప్రజలకు ఒక కొలత చేరువనే యున్నది. 2008లో ప్రారంభమైన శంషాబాదు విమానాశ్రయమున పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. కాంబెల్ కారు ఆ వేగముతో దానిని ఈ కొసనుండి ఆ కొసకు 32 సెకండ్లలో దాటిపోయెడిది. అయినను ఆ రన్‌వే ఆయన పనికి చాలదు. వేగము పుంజుకొనుటకు కొన్ని మైళ్లు, నడుమ కొలతకై ఒక మైలు, పిదప కారును ఆపుటకు మరికొన్ని మైళ్లు, వెరసి 13 మైళ్ల చదునైన నేల ఆయనకు కావలసివచ్చెను. శంషాబాదు రన్‌వేవంటివి అయిదింటిని కొసకు కొస చేర్చినగాని అంత పొడవు రాదు. కాంబెల్ కథలో సగము అట్టి నేలకొఱకు వెదకులాటయే.

ఆయన 1885వ సంవత్సరము మార్చి 11వ తేదీన ఇంగ్లండులోని కెంటు మండలమున చిజిల్‌హర్‌స్ట్ అను ఊర జన్మించెను. తండ్రి లండను నగరమున వజ్రముల వర్తకుడు. కుమారుడు తన వ్యాపారమునే చేపట్టవలెనని తండ్రి కోరిక. ఆ పని నేర్చుకొనుటకై బాలుని జర్మనీకి పంపిరి. అచ్చట వజ్రములకంటె మోటారుసైకిళ్లే ఆతని మనస్సును ఎక్కువగా ఆకర్షించెను. తిరిగివచ్చిన పిమ్మట లండనులోని లాయిడ్స్ బీమా సంస్థయందు రెండేండ్లు జీతము లేకయే పనిచేసెను. తరువాత వార్తాపత్రికలకు పరువునష్టపు దావాలనుండి రక్షణ కల్పించు బీమాను నడిపి మిక్కిలి ధనము గడించెను. ఈ ధనమే లేకున్నచో తరువాతి కథ జరిగెడిది కాదు. వేగపు పందెము పేదవాని ఆట కాదను సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను.

1906 మొదలు 1908 వరకు మోటారుసైకిలు పరీక్షలలో వరుసగా మూడేండ్లు గెలిచి, 1910 నాటికి బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై కార్లు నడుపసాగెను. ఆ కాలముననే మేటర్‌లింక్ అను బెల్జియం రచయిత వ్రాసిన నీలిపక్షి నాటకమును లండనులో చూచి ముగ్ధుడై, తన కారునకు నీలిరంగు పూయించి దానికి బ్లూ బర్డ్ అని పేరుపెట్టెను. మరునాటి పందెమున ఆ కారు గెలిచెనందురు. నాటినుండి ఆయన కారులన్నియు, తరువాతి పడవలును ఆ పేరనే పిలువబడినవి. విజయదశమినాడు పాలపిట్టను చూచుటకు పొలిమేర దాటు తెలంగాణ ప్రజలకు ఈ నమ్మకము వింతగా తోచదు. కాంబెల్‌కు శకునములయందు గట్టి నమ్మకముండెడిది.

1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగానే మోటారుసైకిలుపై వార్తలు చేరవేయు పనిలో చేరి, మాన్స్ యుద్ధరంగమున పనిచేసెను. పిదప వైమానికదళమున చేరి విమానములను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చు పని చేసెను. యుద్ధానంతరము 1920లో డొరొతీ విటాల్ అను ఆమెను వివాహమాడెను. అది ఆయనకు రెండవ వివాహము. 1921లో డొనాల్డ్ అను కుమారుడు, 1923లో జీన్ అను కుమార్తె కలిగిరి.

ఇక వేగపు కొలతలను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఎంతో వేగముగా పోయితినని ఎవరైనను చెప్పుకొనవచ్చును. దానిని లోకము అంగీకరించుటకు నియమములు ఏర్పడియుండెను. ఒక మైలు పొడవును ఖచ్చితముగా కొలిచి, అంగీకరింపబడిన యంత్రములతో కాలమును లెక్కింపవలెను. ఒకవైపు పోయిన కారు గంటలోపుగ ఎదురుదిశనుండి తిరిగి రావలెను. రెండు పరుగుల సగటే లెక్క. గాలివాటమున ఒకవైపు కలిగిన లాభము తిరుగు పరుగున సరిపోవుటకే ఈ ఏర్పాటు. 1923లో డెన్మార్కు దేశపు ఫానో సముద్రతీరమున కాంబెల్ గంటకు 137 మైళ్ల వేగము సాధించెను గాని, అచ్చటి గడియార యంత్రములకు అనుమతి లేదని ఆ లెక్క త్రోసివేయబడెను. పట్టు విడువక మరుసటియేడు ఆయన మరల అచ్చటికే పోయెను. జనమును బాటనుండి దూరముగ నుంచుడని అధికారులను హెచ్చరించెను. వారు వినలేదు. పరుగున చక్రపు టైరొకటి ఊడి గుంపులోనికి దూసుకొనిపోగా ఒక బాలుడు మరణించెను.

అదే సంవత్సరము సెప్టెంబరు 25న వేల్సు దేశపు పెండైన్ ఇసుకతీరమున 350 అశ్వశక్తిగల సన్‌బీమ్ కారుపై 146 మైళ్ల వేగముతో తొలి రికార్డును పొందెను. 1925 జూలైలో 150 మైళ్లు దాటెను. 1927 ఫిబ్రవరిలో సొంతముగ నిర్మింపించిన బ్లూ బర్డ్‌తో దాదాపు 175 మైళ్లు. అయితే పెండైన్ తీరము పాటుపోటుల చేతిలోని నేల. నీరు తీసినపుడే పరుగు, నీరు వచ్చులోపల ముగింపు. ఇసుక ఒకనాడు గట్టిగా నుండును, మరునాడు గుల్లగా నుండును. కాంబెల్ రికార్డు నెలకొల్పిన నెల గడువక మునుపే ప్యారీ థామస్ అను ప్రసిద్ధ చోదకుడు మార్చి 3న అచ్చటనే ప్రాణము కోల్పోయెను. అంతకు మించిన వేగమునకు ఆ తీరము చాలదని అందరికిని తెలిసిపోయెను.

అప్పటినుండి వేగగాములు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు డేటోనా తీరమునకు పోసాగిరి. సీగ్రేవ్ అను మరియొక ఆంగ్లేయుడు 1927 మార్చిలో అచ్చట 200 మైళ్లు దాటెను. 1928 ఫిబ్రవరిలో కాంబెల్ 207 మైళ్లకు చేరువగా వచ్చి అతనిని మించెను. ఆ పరుగున ఇసుకలోని గుబ్బ నొకదానిని తాకి కారు ఎగిరిపడినది. గుంటలో చక్రము పడినపుడు ఎద్దులబండి ఎట్లు అదరునో అందరికి తెలియును. 200 మైళ్ల వేగమున చెయ్యెత్తు గుబ్బ అక్కరలేదు, అంగుళములు చాలును.

తీరము విడిచి లోతట్టు నేల వెదకవలెనను ఆలోచన ఆయనకు అప్పుడే కలిగెను. దక్షిణాఫ్రికాలో వెర్నూక్ పాన్ అను ఎండిన సరస్సు ఒకటి కలదు. నడివేసవిలో నీరింకిన చెరువడుగు ఎట్లుండునో అట్టిదే, మైళ్లకొలది విశాలమైనది. వెర్నూక్ అనగా ఆ దేశపు భాషలో మోసగించు అని అర్థము. ఎండమావులు దారి తప్పించుటచే ఆ పేరు వచ్చినదట. 1929లో కాంబెల్ అచ్చటికి పోయి చూడగా పేరు సార్థకమేయని తేలెను. దూరమునుండి చదునుగా కనిపించు నేలనిండ వాడిరాళ్లు. కూలీలు నెలల తరబడి వానిని ఏరి, నీరు చల్లి, బాటను అణగద్రొక్కవలసివచ్చెను. నీరు మైళ్ల దూరమునుండి తేవలెను. వాన ఎరుగని ఆ చోట అప్పుడే వాన కురిసి చేసిన పనిని చెరచెను. ఆ రోజులలోనే విమానప్రమాదమున కాంబెల్ ముఖమునకు గాయమయ్యెను. ఇంతలో మార్చి 11న, సరిగా ఆయన పుట్టినదినముననే, సీగ్రేవ్ డేటోనాలో 231 మైళ్ల వేగము సాధించినట్లు తంతి వచ్చెను. ఏప్రిలులో కాంబెల్ 200 మైళ్లు దాటి అయిదు మైళ్ల దూరపు రికార్డును పొందగలిగెను గాని, ఆ 231 అందలేదు. ఎత్తయిన ఆ నేలపై గాలి పలుచనై ఇంజను బలము తగ్గెను, రాళ్లు టైర్లను కోసివేసెను. అంత ధనము, అంత శ్రమ వ్యర్థమైనవని నాటివారు నవ్విరి. అయితే నేలనుగూర్చి నేర్చిన ఆ పాఠము వ్యర్థము కాలేదు.

1931 ఫిబ్రవరి 5న డేటోనాలో 246 మైళ్లు సాధించి స్వదేశమునకు తిరిగిరాగా అయిదవ జార్జి చక్రవర్తి ఆయనకు సర్ బిరుదమిచ్చెను. 1932లో 254, 1933లో 272 మైళ్లు. సీగ్రేవ్ 1930లోనే విండర్‌మియర్ సరస్సుపై పడవ ప్రమాదమున మరణించియుండుటచే అప్పటికి ఎదుటివాడు ఎవడును లేడు. అయినను 300 అను అంకె కాంబెల్‌ను నిదురపోనీయలేదు. 1935 మార్చి 7న సరిక్రొత్తగా మార్చిన కారుతో పరుగెత్తి 276 మైళ్లు మాత్రమే పొందెను. ఇంజనునకు అంతకు మించిన శక్తి కలదు. ఇసుకపై చక్రములు పట్టు చిక్కక తిరిగినచోటనే తిరుగుటచే ఆ శక్తి వృథాయగుచుండెను. తీరపు ఇసుక చెప్పదగినదంతయు చెప్పివేసినది.

ఆ సమయమున ఉప్పునేల మాట వినవచ్చెను. అమెరికాలోని యూటా రాష్ట్రమున, వెండోవర్ అను చిన్న పట్టణము చెంత బాన్నవిల్ ఉప్పుబయలు కలదు. ఏబ్ జెన్‌కిన్స్ అను ఆ ప్రాంతపు చోదకుడు ఎన్నో ఏండ్లుగా ఆ నేలపై కార్లు నడుపుచు, దాని గుణమును లోకమునకు చాటుచుండెను. ఆయన తరువాత సాల్ట్ లేక్ నగరమునకు మేయరు కూడ అయ్యెను. కాంబెల్ ఆయన మాట విని తన కారును అచ్చటికి చేర్పించెను.

చినగంజాము, నౌపడ ఉప్పుమళ్లను చూచినవారికి ఈ బయలును ఊహించుట సులభము. మడిలో నీరు ఎండి ఉప్పు పేరుకొనునట్లే అచ్చటను పేరుకొన్నది. అయితే అది మానవుడు కట్టిన మడి కాదు. హిమయుగమునాటి మహాసరస్సు ఎండిపోగా మిగిలిన ఉప్పు అది. ఏటేట శీతకాలమున దానిపై పలుచగా నీరు నిలుచును. గాలి ఆ నీటిని అటునిటు నెట్టుచు అడుగును నునుపుచేయును. వేసవిలో నీరు ఆవిరియై ఉప్పు గట్టి తెల్లని పలకవలె బిగియును. ప్రతియేడు ప్రకృతియే అలికి ముగ్గుపెట్టిన ముంగిలి అనవచ్చును.

ఉప్పునేలకు గుణములతోపాటు చిక్కులును కలవు. పై పలక గట్టిదేగాని క్రింద తడిబురద యుండును. పలక పలుచనైనచోట చక్రము దిగబడవచ్చును. ఆ తడి పరుగెత్తు టైరును చల్లబరచును. అది మేలు. కాని తారుబాటపై దొరకినంత పట్టు ఉప్పుపై దొరకదు. శక్తిని ఒక్కసారిగా వదలినచో చక్రములు జారును. మధ్యాహ్నపుటెండలో ఆ తెలుపు కన్నులను మిరుమిట్లు గొల్పును, ఎండమావులు లేచును, నేల ఎచ్చట ముగిసి ఆకాశము ఎచ్చట మొదలగునో తెలియదు. దిక్కు తప్పకుండుటకై బాట పొడవునను నూనెతో ఒక నల్లని గీత గీసిరి. ఆ గీతను విడువక నడుపుటయే చోదకుని పని. సముద్రమట్టమునకు 4,200 అడుగుల ఎత్తున గాలి పలుచన. పలుచని గాలి కారును తక్కువగా అడ్డగించును గాని, ఇంజనునకు ఊపిరి తక్కువగును. అందుచే గాలిని బలవంతముగ ఇంజనులోనికి నెట్టు యంత్రమును అమర్చియుండిరి. వెర్నూక్ పాన్‌లో లేనిది ఇదియే.

ఆ కారును రీడ్ రెయిల్టన్ అను శిల్పి రూపొందించెను. 1931లో పందెమున గెలిచిన నీటివిమానమునకు వాడిన జాతి రోల్స్‌రాయిస్ ఇంజనును దానిలో నుంచిరి. శక్తి సుమారు 2,300 అశ్వములు. బరువు దాదాపు అయిదు టన్నులు. వేగము రెట్టింపైనచో గాలి అడ్డు నాలుగు రెట్లగును, దానిని గెలుచుటకు కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. 350 అశ్వశక్తిగల సన్‌బీమ్ 150 మైళ్లు పోయినది గనుక, అదే ఆకారముతో 300 మైళ్లు పోవుటకు 2,800 అశ్వములు కావలెను. ఉన్నవి 2,300. మిగిలిన లోటును కారు ఆకారమే తీర్చవలెను. చేపవలె నునుపుగా చేసిన పైతొడుగు ఇందులకే.

కాంబెల్ మిక్కిలి భయపడినది టైర్లకు. జొన్నచేలో మంచెపైనుండి వడిసెల త్రిప్పువానికి రాయి ఎంత బలముగ వెలికి లాగునో తెలియును. ఆ వేగమున చక్రము నిమిషమునకు రెండువేల మార్లకు పైగా తిరుగుటచే రబ్బరులోని ప్రతి కణమును అట్లే వెలికి లాగును. మందమైన రబ్బరు ఊడి ఎగిరిపోవును గనుక పైపొరను మిక్కిలి పలుచగ వేసిరి. అట్టి టైర్లు ఒక్క పరుగునకే. తిరుగు పరుగునకు క్రొత్తవి వేయవలెను. వెనుక చక్రములను జంటలుగ అమర్చి భారమును పంచిరి. ఈ పనులన్నిటిని లియో విల్లా అను మెకానికు కనిపెట్టి చూచుచుండెను. పత్రికలలో కాంబెల్ చిత్రములే పడినవి గాని, విల్లా చేతి బిగింపు సడలినచో ఆ చిత్రములు ఉండెడివి కావు.

1935 సెప్టెంబరు 3వ తేదీ ఉదయము పరుగు ఆరంభమయ్యెను. అప్పటికి కాంబెల్ వయస్సు 50. కొలత మైలు సమీపింపగా గాలి అడ్డు తగ్గించుటకై ముందుభాగమున నీటిని చల్లార్చు గవాక్షమును మూసెను. మూసినంతనే పొగలు ఆయన కూర్చున్న చోటికి క్రమ్మెను, ఎదుటి అద్దముపై నూనె పొర క్రమ్మి నల్లగీత కానరాక పోయెను. ఆ స్థితిలో మైలు దాటెను. పట్టినది 11.83 సెకండ్లు, అనగా గంటకు 304 మైళ్లు. కారును ఆపుచుండగా ముందు ఎడమ టైరు పగిలి మంటలెత్తెను. అయిదు టన్నుల కారును గీతపై నిలుపుకొని ఆయన క్షేమముగ ఆపెను. ఒక సెకండునకు 440 అడుగులు పోవు కారులో ఇది మాటలా!

గంటలోపుగ టైర్లన్నియు మార్చి, ఎదురుదిశనుండి మరల పరుగు. అదియు ముగిసెను. కాలము లెక్కించిన అధికారులు రెండవ పరుగునకు 12.18 సెకండ్లనిరి. సగటు 299.875 మైళ్లు. వెండ్రుకవాసిలో 300 తప్పిపోయెను. పండ్రెండేండ్ల ప్రయత్నము, మంటలంటిన టైరు, ఊపిరాడని పొగ, అన్నియు గడచి చేతికందినది ఈ అంకె. మరునాడు మరల ప్రాణములొడ్డవలసినదేయని ఆయన సిద్ధపడెను. కొన్ని గంటలు గడచిన పిమ్మట అధికారులు తమ లెక్కలో పొరపాటు గుర్తించిరి. తిరుగు పరుగునకు పట్టినది 12.18 కాదు, 12.08. సెకండులో పదవవంతు తేడా. సరిదిద్దిన సగటు 301.129 మైళ్లు. రికార్డు వచ్చెను గాని, సాధించిన నిమిషమున కలుగవలసిన సంతోషము ఆయనకు దక్కలేదు. ఫానోలో ఒకమారు గడియారము ఆయనను ముంచెను. ఇచ్చట ముంచి మరల తేల్చినది.

అటుపై కాంబెల్ నేలను విడిచెను. ఇచ్చగించి విడిచెనేగాని ఓడి విడువలేదు. 1937లో జార్జి ఐస్టన్ అదే ఉప్పునేలపై 312 మైళ్లతో ఆయనను మించెను. కాంబెల్ నీటిపై వేగమునకు తిరిగి, 1937లో మజ్జోరె సరస్సుపై 126 మైళ్లు, 1939 ఆగస్టు 19న ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సుపై 141 మైళ్లు సాధించెను. పదునైదు దినములలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చిపడెను. యుద్ధము ముగిసిన తరువాత పడవకు జెట్ ఇంజను అమర్చి చూచెను గాని ఫలింపలేదు. 1948 డిసెంబరు 31న, పక్షవాతపు పోట్లకు గురియై, 63వ యేట స్వగృహమున కన్నుమూసెను. ఆ రంగమున ఆయన తోటివారు పలువురు కారులోనో పడవలోనో మరణించిరి. మంచముపై మరణించుట ఆయన పొందిన అరుదైన భాగ్యము.

ఇంటిలో ఆయన మెత్తనివాడు కాడు. కుమారునియెడ కఠినముగ నుండెడివాడు, కారులను ముట్టనిచ్చెడివాడు కాడు. అయినను తండ్రి పోయిన వెంటనే డొనాల్డ్ అదే బాట పట్టెను. ముసలి లియో విల్లా అతనికిని తోడుగ నిలిచెను. 1960 సెప్టెంబరులో డొనాల్డ్ క్రొత్త బ్లూ బర్డ్‌తో తండ్రి గెలిచిన ఆ బాన్నవిల్ ఉప్పుపైనే పరుగెత్తగా, కారు అదుపుతప్పి ఎగిరిపడి అతని పుర్రె చిట్లెను. కోలుకొని ఆస్ట్రేలియాలోని ఐర్ ఉప్పుసరస్సునకు పోయెను. ఏండ్ల తరబడి వాన లేని ఆ చోట 1963లో వానలు కురిసి బాట నీట మునిగెను. వెర్నూక్ పాన్ కథయే కుమారునికిని తటస్థించినది. మరుసటియేడు జూలై 17న, తడి ఇంకా ఆరని ఉప్పుపై చక్రములు గాళ్లు పెట్టుచుండగా, 403 మైళ్ల వేగము సాధించెను. అదే యేట డిసెంబరు 31న, తండ్రి మరణించిన తేదీననే, నీటిపై 276 మైళ్లు పొందెను. 1967 జనవరి 4న కానిస్టన్ సరస్సుపై పడవ గాలిలోనికి లేచి తలక్రిందులై డొనాల్డ్ మరణించెను. అతని శరీరము 2001లో గాని దొరకలేదు.

బాన్నవిల్ ఉప్పుపలక నానాట పలుచబడుచున్నదని అచ్చటి పందెగాండ్రు ఎంతోకాలముగ మొరపెట్టుకొనుచున్నారు. 2014, 2015 సంవత్సరములలో నేల తడిసి చెడియుండుటచే వార్షిక పందెములు ఆపివేయబడినవి. కాంబెల్ 1935లో నడిపిన బ్లూ బర్డ్ మాత్రము చెక్కుచెదరక నిలిచినది. దానిని అమెరికాలోనే, ఏ తీరపు ఇసుకను చాలదని ఆయన విడిచిపోయెనో ఆ డేటోనా నగరమునందలి ప్రదర్శనశాలలో నుంచిరి.